నీళ్ల తొవ్వ దొరికేదాకా సిలికాన్ పక్కన పెట్టండి

మీరు చెప్పిన గుర్తులు బాగానే పనికొస్తయన్నా. 2008 మోడల్ పికప్, గట్టి వాన పడితే డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ముద్దయితది, ముందు అద్దం చుట్టూ రెండుసార్లు సిలికాన్ కొట్టించినా ఆగలేదు, ఇప్పుడు ఫ్యూజ్ బాక్సు మీద కూడా తడి కనబడుతున్నది అన్నరు. మూడోసారి సిలికాన్ కొట్టించకండి. రెండుసార్లు పూసినంక కూడా అన్నే నీళ్లు వస్తున్నయంటే నీళ్లు వేరే తొవ్వన వస్తుండాలి, లేకపోతే సిలికాన్ వెనక నుంచే దిగుతుండాలి. ఏదైనా సరే పైపూతకు ఆగేది కాదు.

ఒక సంగతి ముందు మనసులో పెట్టుకోండి. క్యాబిన్‌కు నీళ్లు అసలే తగలకుండా ఏ కంపెనీ కట్టదు. వైపర్ల కింద జాలీలో నుంచి నీళ్లు లోపలి తొట్టిలోకి పోతయి. డోర్ అద్దం పక్క నుంచి డోర్ కడుపులోకి పోతయి. రెండు చోట్లా కింద బొక్కలు పెట్టి బయటికి పంపే ఏర్పాటు ఉంటది. పాత బండి కారుతున్నదంటే చాలాసార్లు ఆ బయటికి పోయే తొవ్వ మూసుకపోయి ఉంటది. దాని మీదనే సిలికాన్ పడితే లీకు ఇంకా పెరుగుతది.

పానా ముట్టుకునే ముందు, నీళ్లు ఎప్పుడు వస్తున్నయో వారం రోజులు గమనించండి. రెండు రోజుల ముసురుకు మెల్లగ చెమ్మ చేరుతున్నదంటే సన్నని పగులు, అంటే రూఫ్ జాయింటో అద్దం రబ్బరో. ముసురుకు ఏం కాక, పెద్దపూసాల కార్తె వాన దంచినప్పుడే మ్యాట్ నిండుతున్నదంటే నీళ్లు పోయే బొక్క చాలడం లేదు, వైపర్ల కింది తొట్టి నిండి పొర్లుతున్నది. వాన నిలిచినంక తడి రోడ్డు మీద పోతే తడుస్తున్నదంటే టైరు చిమ్మే నీళ్లు చక్రం గూడు జాయింట్ల నుంచో ఫ్లోర్ మూతల నుంచో వస్తున్నయి. బండి ముక్కు పల్లానికి పెట్టినప్పుడు ఒక తీరు, ఎత్తుకు పెట్టినప్పుడు ఒక తీరు ఉంటే అది కూడా రాసిపెట్టుకోండి. మీరు గట్టి వాన అన్నరు కాబట్టి నా అనుమానం మొదట వైపర్ల కింది తొట్టి మీద, తర్వాత డోర్ మీద. అద్దం మూడోది.

వాన లేకుండానే తడి ఉంటే లెక్క మారుతది. ఏసీ ఉన్న బండిలో నీళ్ల పైపు మూసుకపోతే క్లీనర్ కాళ్ల దగ్గర తడుస్తది, బండి కింద బొట్టు పడడం ఆగిపోతది. హీటర్ పైపు కారితే రంగు కూలెంట్ జిగటగా, తియ్యటి వాసనతో ఉంటది, ముందు అద్దం లోపల మసక పడుతది. బ్రేకు లేదా క్లచ్ పెడల్ రాడ్డు మీద నుంచి జారుడు ద్రవం దిగి పెయింట్ ఉబ్బుతున్నదంటే అది మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడుతో ద్రవాన్ని నెట్టే భాగం) లీకు. అప్పుడు వాన లీకు సంగతి పక్కన పెట్టి, అది బాగు చేయించినంకనే బండి నడపాలి.

ఇగ పని మొదలు. బ్యాటరీ మైనస్ తీసేయండి. సీటు, మ్యాట్, కింద నమ్దా (పరుపు లాంటి మందపు గుడ్డ), డోర్ గడప మీది పట్టీ, కాలు పక్కన ప్లాస్టిక్ కవరు, ముందు పిల్లర్ (ముందు అద్దం పక్క నిలువు కంబం) కవరు అన్నీ విప్పండి. మ్యాట్ మాత్రమే లేపి చూస్తే ఏమీ తెల్వదు. నమ్దా నీళ్లను పీల్చి పల్లానికి పంపుతది, తడి కనబడ్డ చోటుకు జానెడు మీద నుంచో మూరెడు పక్క నుంచో నీళ్లు వచ్చి ఉండొచ్చు. నమ్దాను ఎండలో రెండు మూడు రోజులు ఆరేయండి. చేత్తో ఒత్తితే చల్లగ తగిలినా లోపల తడి ఉన్నట్టే.

ఉత్త రేకు కనబడ్డంక తుడవకండి. ముందు టార్చి పట్టుకుని చదవండి. నీళ్లు నడిచిన చోట గోధుమ రంగు చారలు, మట్టి గీతలు, జంగు బొట్లు ఉంటయి. అన్ని చారలనూ మీదికి వెతుక్కుంట పోండి, ఎక్కడ చార మొదలయితదో అక్కడ మాస్కింగ్ టేపు ముక్క అతికించి ఫొటో తీసుకోండి. మన దగ్గర ఇంకో మంచి గుర్తు ఎండాకాలం దుమ్ము. మొరం రోడ్ల మీద తిరిగే బండికి దుమ్ము చొరబడ్డ సందు పక్కన ఎర్రటి సన్నని గీత పడి ఉంటది. వేసవిల దుమ్ము పట్టిన సందే వానాకాలంలో నీళ్లు పడుతది. డోర్ రబ్బరు వెంట, స్టీరింగ్ రాడ్డు చుట్టూ, వైరింగ్ కట్ట చొరే చోట ఈ గీతలు చూడండి.

తర్వాత నీళ్ల పరీక్ష. ఇద్దరు కావాలి, ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. ఫ్యూజ్ బాక్సును పాలిథిన్ కవరుతో చుట్టండి. వాటర్ సర్వీసింగ్ గన్ను వద్దు. ఆ ఒత్తిడికి మంచి రబ్బరు కూడా నీళ్లు వదులుతది, లేని లీకు కనబడుతది. పైపు మూతికి ఏమీ తగిలించకుండా, నీళ్లు మెల్లగ జారేటట్టు పట్టాలి. కింది నుంచి మీదికి పోవాలి, ఈ వరుస తప్పొద్దు. ముందే రూఫ్ మీద పోస్తే ఆ నీళ్లు కింద అన్నిటినీ తడుపుతయి, ఏది ఎక్కడిదో తేలదు. చక్రం గూడు, డోర్ గడప, డోర్ అద్దం కింది గీత, వైపర్ల కింది జాలీ, అద్దం కింది అంచు, పక్కలు, అద్దం పై అంచు, చివరికి రూఫ్ గట్టర్ (రూఫ్ అంచున నీళ్లు పోయే గాడి). ఒక్కో చోట అయిదు నిమిషాలకు తక్కువ కాకుండా, జాలీ దగ్గర పది నిమిషాలు. లోపలి మనిషి తుడిచిన రేకు మీద టిష్యూ పేపర్ ముక్కలు అతికించుకుని కూచుంటే మొదటి బొట్టు ఎక్కడ దిగిందో తెలుస్తది. ఒకటి దొరకంగనే గుర్తు పెట్టి ఆరబెట్టండి, కాని పరీక్ష ఆపకండి. పదిహేనేండ్లు దాటిన బండికి ఒకే తొవ్వ ఉండడం అరుదు. మీ కాళ్ల కింది నీళ్లు ఒకటి, ఫ్యూజ్ బాక్సు తడి ఇంకొకటి అయి ఉండొచ్చు.

వైపర్ల కింది తొట్టి గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే షెడ్లలో దీన్ని విప్పి చూసేవాళ్లు తక్కువ. బానెట్ ఎత్తితే వైపర్ చేతుల కింద జాలీ పట్టీ కనబడుతది. దాని కింద రేకుతో చేసిన తొట్టి ఉంటది, రెండు కొసలకు ఒక్కో బొక్క, ఆ నీళ్లు ముందు చక్రాల వెనక నేల మీద పడాలి. ఆ తొట్టిలోనే గాలి లోపలికి పోయే నోరు కూడా ఉంటది, దాని చుట్టూ రెండు మూడు వేళ్ల ఎత్తు గట్టు. వేప చెట్టు కింద పెట్టే బండికి ఆకులు, పత్తి మోసే బండికి దూది పోగులు, మట్టి కలిసి ఆ బొక్కల్లో గట్టి ముద్దయితయి. అప్పుడు నీళ్లు గట్టు దాటి గాలి నోట్లో నుంచి నేరుగా కాళ్ల మీదికి దిగుతయి. సన్నని వానకు కొసల నుంచి ఎట్లనో జారిపోతయి, గట్టి వానకు పొర్లుతయి. మీ బండి లక్షణం ఇదే.

పరీక్ష సులువు. జాలీ మీద అయిదు లీటర్ల నీళ్లు చెంబుతో ఆగకుండా పోయండి. రెండు చక్రాల వెనకా వెంటనే ధార పడాలి. ఒక పక్క ధార, ఇంకో పక్క బొట్టు బొట్టు అయితే ఆ పక్క మూసుకపోయింది. జాలీ విప్పి, మురికిని ముందు చేత్తో తీయండి, తర్వాత సైకిల్ బ్రేకు వైరు కొస వంచి బొక్కలో తిప్పండి, ఆఖరుకు నీళ్లతో కడగండి. ముద్దను కిందికి పొడిచి తోస్తే అది ఇంకా లోతుకు పోయి ఇరుక్కుంటది. శుభ్రం అయినంక తొట్టి మూలలు చూడండి. ఆకులు ఏండ్ల కొద్దీ తడిగ కూసున్న చోట జాయింట్ సీలర్ పగిలి, కింద రేకు జల్లెడ అయి ఉంటది. స్క్రూడ్రైవర్ కొసతో ఒత్తి చూడండి, మెత్తగ దిగబడితే ఆ రేకు పోయినట్టే. వైపర్ స్పిండిల్ (వైపర్ చేతిని తిప్పే కడ్డీ) కింద వాషర్ రబ్బర్లు ఎండిపోయినా ఇదే చోట బొట్టు పడుతది. అవి చిన్న ఖర్చు, చేతులు పెట్టినప్పుడే మార్చేయండి. టాటా ఏస్ లాంటి, ముందు బానెట్ ముక్కు లేని బండ్లకు ఈ అమరిక వేరే ఉంటది, టాటా 207, మహీంద్రా బొలెరో తీరు ముక్కున్న బండ్లకు నేను చెప్పింది వర్తిస్తది.

ఫ్యూజ్ బాక్సు తడికి మొదట అనుమానించాల్సింది వైర్లను. హారన్, ఫాగ్ లైట్, మ్యూజిక్ సిస్టం కోసం తర్వాత లాగిన వైర్లు ఎక్కువగా కంపెనీ గ్రోమెట్‌ను (వైర్లు చొరే బొక్కకు వేసే రబ్బరు బిళ్లను) పొడిచి లోపలికి తెచ్చి ఉంటయి. బయట వైరు మీద నుంచి కిందికి వాలుతూ గ్రోమెట్‌లోకి వస్తే నీళ్లు ఆ వైరునే పట్టుకుని లోపలికి నడుస్తయి, నేరుగా ఫ్యూజ్ బాక్సులోకి దిగుతయి. వైరును గ్రోమెట్ కంటే కిందికి వేలాడదీసి మళ్లా మీదికి ఎక్కించి లోపలికి పంపితే, నీళ్లు ఆ వంపు దగ్గరనే రాలిపోతయి. పొడిచిన గ్రోమెట్ తీసేసి సరైన సైజుది వేయండి. స్టీరింగ్ రాడ్డు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ చొరే చోట రబ్బర్లు కూడా చూడండి. ఫ్యూజ్ బాక్సులో పచ్చ చిలుము పట్టి ఉంటే, ఫొటో తీసుకుని ఫ్యూజులు ఒక్కొక్కటి విప్పి, కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు టెర్మినళ్లు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, పూర్తిగ ఆరినంకనే బ్యాటరీ తగిలించండి. చిలుము తినేసిన టెర్మినల్ వేడెక్కుతది, దాన్ని మార్చడమే మేలు.

డోర్ గురించి మనవాళ్లకు ఒక అపోహ ఉన్నది, బీడింగ్ (డోర్ చుట్టూ ఉండే రబ్బరు) మారిస్తే అయిపోతదని. డోర్ అద్దం బయటి రబ్బరు పట్టీ ఎంత మంచిదైనా కొన్ని నీళ్లు లోపలికి దిగుతయి. డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు వాటిని ఆపి, డోర్ అడుగు బొక్కల్లోకి పంపుతది. స్పీకర్లు పెట్టినప్పుడో, అద్దం హ్యాండిల్ బాగు చేసినప్పుడో ఆ షీటును చింపి పడేస్తరు. అప్పటి నుంచి నీళ్లు ప్యాడ్ వెనక నుంచి గడప లోపలికి, అక్కడి నుంచి మ్యాట్ కిందికి వస్తయి. ప్యాడ్ అడుగు ఉబ్బి ఉంటే, స్క్రూలు జంగు పట్టి ఉంటే ఇదే కారణం. డోర్ మూసి అద్దం కింది పట్టీ మీద రెండు లీటర్లు మెల్లగ పోయండి. డోర్ అడుగు నుంచి రాకపోతే బొక్కలు మూసుకున్నయి, సన్నని తీగతో తెరవండి. ఈ బొక్కల మీద అండర్ కోటింగ్ కొట్టినవాళ్లు కూడా ఉన్నరు, అది డోరును లోపలి నుంచి కుళ్లబెడుతది.

షీటు కొత్తది చేసుకోవడం ఇంట్లోనే అయితది. మందమైన పాలిథిన్ డోర్ కొలతకు కోసి, చుట్టూ బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) ఎక్కడా తెగకుండా అతికించండి. టేపు తగిలే చోట స్పిరిట్‌తో తుడవాలి. అన్నిటికంటే ముఖ్యం కింది అంచు. అది డోర్ రేకు చీలికలోకి, అంటే డోర్ కడుపులోకి తోసి ఉండాలి. బయట వేలాడితే నీళ్లు క్యాబిన్లోకే రాలుతయి, ఇల్లు కప్పే పెంకు తలకిందులు వేసినట్టు అయితది. స్పీకర్ ఉంటే దాని వెనక షీటును చిన్న గొడుగు తీరుగ వదులుగ కప్పండి.

బీడింగ్ సరిగ్గ తగులుతున్నదో లేదో కాగితంతో చూడొచ్చు. మూడు సెంటీమీటర్ల వెడల్పు కాగితం పెట్టి డోర్ వేసి లాగండి. చుట్టూ జానెడుకు ఒకసారి ఇట్ల చేయండి. ఒక చోట బిగుతుగ ఉండి ఇంకో చోట ఊరికే వచ్చేస్తే అక్కడ సందు ఉన్నది. బీడింగ్ మీద చాక్‌పీసు పొడి రాసి డోర్ వేసి తీసినా అచ్చు పడని చోటు తెలుస్తది. కొత్త బీడింగ్ కొనేముందు డోర్ వెనక అంచును చేత్తో మీదికి లేపి చూడండి. ఎగిరి పడుతున్నదంటే హింజ్ (డోర్ బందుల) పిన్నులు అరిగినయి, ముందు అవి సరిచేయాలి. డోర్ దిగి ఉండంగ ఎంత ఖరీదు బీడింగ్ వేసినా నెలకే చదునయితది. డోర్ నిలకడగ ఉండి సందు మాత్రం ఉంటే స్ట్రైకర్ (డోర్ లాక్ పట్టుకునే కొక్కెం) బోల్టులు వదులు చేసి ఒక మిల్లీమీటర్ లోపలికి జరిపి బిగించండి. బీడింగ్ వేసేటప్పుడు సాగదీయొద్దు, సాగిన రబ్బరు తర్వాత ముడుచుకుని మూలల్లో సందు ఇస్తది. అతుకు డోర్ కింది వైపు రావాలి.

ఇక ముందు అద్దం. మీది రబ్బరు పట్టీతో బిగించినదా, జిగురుతో అతికించినదా ముందు చూడండి, రెండింటి పని పూర్తిగ వేరు. అద్దం చుట్టూ లోపలి నుంచి కూడా రబ్బరు పెదవి రేకును పట్టుకుని ఉంటే మొదటి రకం. పాత రబ్బరు ముడుచుకుంటది, కింది రెండు మూలల్లో రేకును వదులుతది. మీ సిలికాన్ ఆ పెదవి మీద పైన మాత్రమే అతుక్కుని ఉంటది, వెనక నీళ్లు నిలిచి రేకును తింటున్నయి. పులుపు వాసన వచ్చే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతది, పెయింట్ లేని ఇనుము మీద పడితే జంగు ఇంకా తొందరగ పడుతది. పైగా సిలికాన్ ఉన్న చోట పెయింట్ పట్టదు, పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ కూడా పట్టదు. అందుకే ఎక్కడెక్కడ పూసిండ్రో అంతా గీకి తీయాల్సిందే. కట్టె చీలికతో, ప్లాస్టిక్ ముక్కతో గీకండి, బ్లేడుతో రేకును గాయపరచకండి.

సబ్బు నీళ్ల పరీక్ష అద్దానికి బాగా పనిచేస్తది. బ్లోయర్ ఉంటే బయటి గాలి మీద పెట్టి ఫుల్ స్పీడు వేసి, అద్దాలన్నీ మూసి, బయట రబ్బరు చుట్టూ సబ్బు నీళ్లు బ్రష్షుతో రాయండి. బుడగ లేచిన చోటు సందు. ఈ పరీక్షకు మాత్రమే బ్యాటరీ తగిలించండి, అది కూడా ఫ్యూజ్ బాక్సు ఆరినంకనే.

రబ్బరు పట్టీతో బిగించిన అద్దం తీసినంక చుట్టూ ఉన్న రేకు అంచును వైర్ బ్రష్షుతో మెరిసేదాకా తోమాలి. ఉత్త జంగు మరక అయితే రస్ట్ కన్వర్టర్ (జంగును ఆపే మందు) రాసి, ఆరినంక ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, పైన పెయింట్. బొక్కలు పడితే ఆ ముక్క కోసి ఒక మిల్లీమీటర్ మందం కొత్త షీటు వెల్డింగ్ చేయించాలి. ఎం-సీల్, ఫైబర్, పుట్టీతో కప్పితే పైకి నున్నగ కనబడుతది, లోపల జంగు నడుస్తనే ఉంటది. కొత్త రబ్బరును ముందు అద్దానికి తొడిగి, రేకు పట్టే గాడిలో నాలుగైదు మిల్లీమీటర్ల నైలాన్ తాడు చుట్టూ పెట్టి, రెండు కొసలు కింద నడుమ ఒకదాని మీద ఒకటి దాటించి లోపలికి వదలండి. సబ్బు నీళ్లు రాసి, బయటి మనిషి అరచేత్తో ఒత్తుతుంటే లోపలి మనిషి తాడు మెల్లగ లాగాలి, పెదవి రేకు మీదికి ఎక్కుతది. ముందు అద్దం రెండు పొరలది, అంచును గట్టిగ కొడితే పగులు పడుతది. చివరికి పెదవుల కింద గట్టిపడని గ్లాస్ సీలింగ్ కాంపౌండ్ నాజిల్‌తో ఎక్కించండి.

అతికించిన అద్దం అయితే ఇంట్లో ముట్టుకోకండి, అద్దాల పనివాళ్లతోనే చేయించండి. మీరు గమనించాల్సింది రెండే. రేకు అంచు మీద జంగు తీసి ప్రైమర్ వేసినంకనే జిగురు వేస్తున్నరా, జిగురు ఎక్కడా తెగకుండా ఒకే కట్టలాగ చుట్టూ పోయిందా. ఆరేదాకా డోర్ అద్దాలు కొంచెం దించి ఉంచాలి, లేకుంటే డోర్ గట్టిగ వేసినప్పుడు లోపలి గాలి తడి జిగురును పగలగొడుతది.

రూఫ్ సంగతి చిన్నది. గట్టర్ లోపలి సీలర్ పగిలినా, క్యారియర్ బోల్టుల కింద వాషర్లు పోయినా నీళ్లు లైనింగ్ మీద నడిచి ముందు పిల్లర్ నుంచి కాళ్ల దగ్గరకే దిగుతయి. లైనింగ్ మీద గోధుమ రంగు గుండ్రటి మరకలు చూడండి. పగిలిన సీలర్ తీసి, ప్రైమర్ వేసి, పీయూ సీలెంట్ నింపాలి. 310 మిల్లీలీటర్ల గొట్టం ఒకటి గట్టర్‌కు, తొట్టి మూలలకు కలిపి సాధారణంగ సరిపోతది.

బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నదైతే ఇంకొకటి చూడండి. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిన రోజు లాంటి వరదలు మన పక్కన వచ్చినయి. మునిగిన బండిలో సీటు పట్టాల లోపల, డోర్ ప్యాడ్ల వెనక, వైరింగ్ కట్టల మీద ఒకే ఎత్తులో బురద గీత ఉంటది. అట్లయితే మీ ఫ్లోర్ జంగుకు లీకు ఒక్కటే కారణం కాదు, వైరింగ్ మొత్తం చెక్ చేయించాలి.

ఫ్లోర్ బాగు చేసేటప్పుడు అడుగున రబ్బరు మూతలు తీసి చూడండి, ఎండిపోయినవి మార్చండి. జంగు తీసి ప్రైమర్, పెయింట్ పడ్డంకనే కింద అండర్ కోటింగ్. జంగు మీదనే నల్లటి తారు కోటింగ్ కొడితే తడి లోపలనే ఇరుక్కుంటది.

అంతా అయినంక నమ్దా, మ్యాట్ వెంటనే వేయకండి. ఉత్త రేకు మీద న్యూస్ పేపర్ పరిచి రెండు గట్టి వానలు చూడండి, పేపర్ తడిసిన చోటే మిగిలిన లీకు చెప్తది. పేపర్ పొడిగ ఉన్నంకనే, పాత నమ్దా వాసన వస్తుంటే దాన్ని పారేసి, కొత్తది వేసుకోండి. తొట్టి మీద అయిదు లీటర్లు పోస్తే ఏ చక్రం వెనక ఎట్ల పడ్డయో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి తర్వాత ఏది విప్పాలో చెప్తా.